‘ఆధారం’ గడిలో నేను రాసింది

నేను ఫిర్యాదులు రాసే మనిషిని. ఉద్యోగమూ అదే. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, వారంటీ కింద తిరిగొచ్చిన భాగాలు చూసి లోపం ఎక్కడ జరిగిందో తేల్చి రాయడం నా పని. ఇరవై ఏళ్ళు దాటింది. బయట కూడా అంతే. మా వీధి దీపం వెలగకపోతే, వెలిగేదాకా సిటీ ఆఫీసుకి వారానికొక ఉత్తరం రాశాను. స్కూల్లో పిల్లల కచేరీకి ముందు వరస కుర్చీలు కొందరికే అట్టిపెట్టారని ప్రిన్సిపాల్‌కి రాశాను. ఆ ఏడాది కచేరీలో మా వాడు లేడు కూడా.

తెలిసినవాళ్ళు చేసినవి మాత్రం రాయను, గుర్తుపెట్టుకుంటాను. తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో మేము తీసుకెళ్ళిన గుత్తి వంకాయ ట్రేని మూతైనా తీయకుండా టేబుల్ కిందకి తోసేసిన ఆవిడ ఆ రోజు ఏ రంగు చీర కట్టుకుందో ఇప్పటికీ చెప్పగలను. నా భార్య దీన్ని జబ్బు అంటుంది. జ్ఞాపకశక్తి అని నేనంటాను.

ఇన్నేళ్ళలో రాసిన వాటిలో ఒక్కటే నన్ను నిద్రపోనివ్వలేదు. అది మేము అభిమానించే బేస్‌బాల్ టీమ్‌కి రాసిన ఉత్తరం.

ఈ ఆట నాకు ఇక్కడికొచ్చిన రెండో వేసవిలో పట్టుకుంది. మాది పొద్దున్నే మొదలై మూడింటికి అయిపోయే షిఫ్టు. ఇంటికొచ్చేసరికి టీవీలో మధ్యాహ్నం మ్యాచ్ నడుస్తూ ఉండేది. స్కోరు పుస్తకం కొనుక్కుని ప్రతి బంతీ పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి. ఆ రోజుల్లోనే మా వెనక వీధిలో ఉండే మిత్రుడి కూతురు స్కూలు అయ్యాక మా ఇంటికి వచ్చేది. మిత్రుడిది వరంగల్ వైపు, మాది గుంటూరు వైపు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళు కాబట్టి సాయంత్రం ఆరుదాకా పిల్ల మా దగ్గరే. మా అబ్బాయికి ఈ ఆట అంటే ఆవలింతలు. ఆ అమ్మాయి మాత్రం ఎనిమిదేళ్ళకే నా పక్కన కూర్చుని గళ్ళు నింపేది. బ్యాటర్ బ్యాట్ ఊపకుండా నిలబడి చూస్తూ అవుటైతే కె అక్షరాన్ని తిరగేసి రాయాలి. అలా రాసే అవకాశం వచ్చినప్పుడల్లా పెన్సిల్ నా చేతిలోంచి లాక్కునేది.

పెద్దదయ్యాక స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ, ఆ వెంటనే మాస్టర్స్ చదివింది. చదువు అయిపోగానే మా టీమ్ ఆఫీసులోనే ఉద్యోగం వచ్చింది. కాలేజీ ఆటగాళ్ళని చూసి రిపోర్టులు రాసే స్కౌట్ల విభాగం. ఏడాది కాంట్రాక్టు, బాగా చేస్తే పొడిగిస్తారు.

అంతకుముందు, ఆమె డిగ్రీ అయినప్పటి గ్రాడ్యుయేషన్ పార్టీ దగ్గరే నాకూ మా మిత్రుడికీ చెడింది. పార్టీకి పిలుస్తూ అమ్మాయి మాకు పోస్టులో ఒక కార్డు పంపింది. కవరు మీద మా పేర్లు తెలుగులో రాసింది, ఒత్తులు కాస్త అటూ ఇటూ పడ్డా. ఇక్కడి పిల్లలు అంతే, తమ పార్టీకి తామే పిలుస్తారు. కానీ మా లెక్క వేరు. ఇంట్లో శుభకార్యమైతే పెద్దవాళ్ళు ఫోన్ చేసి, భార్యాభర్తలిద్దరితో మాట్లాడి, తప్పకుండా రావాలని చెప్పాలి. నేను వారం చూశాను. రెండు వారాలు చూశాను. అతను ఫోన్ చేయలేదు. పదిహేనేళ్ళు ఆ పిల్ల మా డైనింగ్ టేబుల్ దగ్గర పెరిగింది. పిలవడానికి ఒక్క ఫోన్ బరువైందా? నేను వెళ్ళలేదు, నా భార్యని వెళ్ళనివ్వలేదు. అక్కడితో అతనికీ నాకూ మాటలు ఆగిపోయాయి. ఆడవాళ్ళిద్దరూ మామూలుగానే మాట్లాడుకునేవారు. అమ్మాయి కూడా ఏమీ జరగనట్టే నాకు ఫోన్ చేస్తూనే ఉండేది. పార్టీకి ఎందుకు రాలేదని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది.

ఇలా రెండేళ్ళు గడిచాక ఒక జూలై ఆదివారం డ్రాఫ్ట్ వచ్చింది. బేస్‌బాల్ టీములు కాలేజీ, హైస్కూలు కుర్రాళ్ళలోంచి వరసగా ఒక్కొక్కరిని ఎంచుకునే రోజు అది. మా తెలుగు అభిమానులం పదిమంది దాకా ఒకరి బేస్‌మెంట్‌లో చేరాం. ఇల్లుగలాయన నాకు ఫోన్ చేసి పిలిచాడు, అందుకే వెళ్ళాను. మా మిత్రుడూ వచ్చాడు. మాటలు లేవు కాబట్టి మా మధ్య రాయబారం ఇల్లుగలాయనే చేస్తున్నాడు. చట్నీ గిన్నె అతని దగ్గరుంటే, ఇటు పంపించమని చెప్పమని ఇల్లుగలాయనకి చెప్పాను. మా మిత్రుడు గిన్నె ఆయన చేతిలో పెట్టి, అందులో కారం ఎక్కువుంది, ఆయనకి పడదని చెప్పమన్నాడు. నాకు కారం పడదన్న సంగతి నిజమే.

రెండో రౌండ్‌లో మా వంతు వచ్చింది. బ్యాటర్ కావాలని కొందరం, స్టార్టర్ కావాలని కొందరం వాదించుకుంటున్నాం. ఆట మొదలుపెట్టి ఐదారు ఇన్నింగ్స్ బంతి వేసేవాడు స్టార్టర్. ఆఖర్లో వచ్చి ఒక ఇన్నింగ్స్ వేసి వెళ్ళిపోయేవాడు రిలీఫ్ పిచర్. టీవీలో పేరు చదివారు. కాలేజీలో దాదాపు ఎప్పుడూ ఆఖరి ఇన్నింగ్సే వేసే ఒక రిలీఫ్ పిచర్.

ఎవరో టీవీ గొంతు తగ్గించారు.

"పెళ్ళికి వంటవాణ్ణి మాట్లాడకుండా ముందే కిళ్ళీవాణ్ణి మాట్లాడినట్టుంది," అన్నాడు ఇల్లుగలాయన.

అక్కణ్ణించి అందరూ మొదలుపెట్టారు. రిలీఫ్ పిచర్ పదో రౌండ్‌లో దొరుకుతాడని ఒకరు, ఇలాంటి తెలివి వల్లే మనం ఏటా సెప్టెంబర్‌కే ఓడి ఇంటికొస్తున్నామని ఒకరు, టీమ్ మార్చేస్తానని ప్రతి ఏడూ చెప్పే ఒకాయన మళ్ళీ అదే చెప్పాడు. మీ అమ్మాయి అక్కడే కదా, ఆమెనడగండి అని ఎవరో మా మిత్రుణ్ణి ఆటపట్టించారు. ఆమెది లెక్కల పని, ఇట్లాంటివి పెద్దోళ్ళు చేస్తారని అతను కొట్టిపారేశాడు.

అప్పుడే నా జేబులో ఫోన్ మోగింది. అమ్మాయి. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

"అంకుల్, చూస్తున్నావా? అతను నా పిచర్."

ఏమంటున్నదో నాకు వెంటనే అర్థం కాలేదు.

"రిపోర్ట్ నేనే రాశాను. సీనియర్ స్కౌట్స్ ఫస్ట్ నో అన్నారు. అతను మూడు ఇన్నింగ్స్ వేసిన గేమ్స్ కొన్నే ఉన్నాయి, అవన్నీ నేను బాల్ బై బాల్ రాసుకున్నా, మనం రాసేవాళ్ళం కదా, అలా. ఎక్కువసేపు వేస్తే ఇంకా బెటర్ అవుతున్నాడు అంకుల్. వాళ్ళ కాలేజీలో స్టార్టర్స్ ఎక్కువ ఉన్నారు, అందుకే అతనికి చాన్స్ రాలేదు. హీ కెన్ స్టార్ట్." ఊపిరి తీసుకోకుండా చెబుతోంది.

"మీ నాన్నకి చెప్పావా?" అన్నాను. ముందు ఆ మాటే వచ్చింది నాకు.

"లేదు, నీకే ఫస్ట్. ఎవరికీ చెప్పకు, ఓకే? లోపల ఏమైందో బయట చెప్పకూడదు. నీకు కూడా చెప్పకూడదు యాక్చువల్లీ."

సరేనమ్మా, చాలా సంతోషం అన్నాను. నిజంగానే సంతోషం కలిగింది. తండ్రి పది అడుగుల దూరంలో కూర్చుని ఉండగా, ఆమె ఫోన్ నాకు వచ్చింది. ఆ సంతోషంలో ఆ పిల్ల గొప్పతనం ఎంత, అతని మీద గెలిచానన్న భావం ఎంత అని ఇప్పుడు అడిగితే నాకు సిగ్గుగా ఉంటుంది.

బయటికొచ్చేసరికి అందరూ నా కోసమే చూస్తున్నారు. మీరు రాయాలి సార్, వీళ్ళకి మీ ఉత్తరమే మందు అన్నారు. నేను అప్పుడు ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. ఎవరి రహస్యమూ బయటపెట్టకుండానే, ఈ కుర్రాడు స్టార్టర్‌గా పనికొస్తాడేమో, చూద్దాం అని ఉండవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చిందనే అనుకుంటాను.

మా మిత్రుడు బజ్జీ కొరుకుతూ, నా వైపు చూడకుండా ఇల్లుగలాయనతో అన్నాడు. "రాయనియ్యున్రి. ఆయన రాసినయి అక్కడ ఎవరు చదువుతరు? ఉత్తరాలు చింపేటోడు గూడ నవ్వుకుంటడు."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

సోమవారం లంచ్ టైములో ఆఫీసులో కూర్చుని రాశాను. ఇరవై ఏళ్ళుగా నేను రాసే ప్రతి రిపోర్టుకీ నాలుగు గళ్ళు ఉంటాయి: లోపం, ఆధారం, పర్యవసానం, దిద్దుబాటు. ఆధారం లేకుండా లోపం రాస్తే మా దగ్గర ఆ కాగితం చెల్లదు. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట నేర్పేది అదే. మీరు అనుకోవడం కాదు, ఎలా తెలిసిందో రాయండి అంటాను. ఈ ఉత్తరాన్నీ ఆ పద్ధతిలోనే రాశాను. లోపం గడిలో రిలీఫ్ పిచర్ ఎంపిక. పర్యవసానంలో మా బ్యాటింగ్ గతి. దిద్దుబాటులో స్కౌటింగ్ పద్ధతి మార్చుకోవాలని. ఆధారం గడి దగ్గర ఆగాను. నా అభిప్రాయం అని రాస్తే, అది అతనన్నట్టు నవ్వుకునే ఉత్తరమే అవుతుంది. నవ్వడానికి వీల్లేని ఆధారం నా దగ్గరుంది. రాశాను. ఈ ఎంపిక మొదటి ఏడాది ఉద్యోగి ఒకరి రిపోర్టు మీద ఆధారపడి జరిగిందనీ, అనుభవమున్న స్కౌట్లు దాన్ని మొదట వద్దన్నారనీ నాకు నేరుగా తెలిసిన సమాచారం అని.

తరవాత ఆ ఉత్తరాన్ని మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఎవరైనా తమ పేరు కలుపుతారేమోనని. గ్రూపులో పెట్టే ముందు ఆధారం గడి తీసేశాను.

ఈ సంగతి గురించి నాకు నేను ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నా, ఆ గడి దగ్గర ఆగిపోతాను. ఆలోచించకుండా రాశాను, పని అలవాటు కొద్దీ రాశాను, పేరు రాయలేదు కదా. అన్నీ అనుకున్నాను. కానీ గ్రూపుకి ఆ గడి తీసి పంపానంటే, అందులో ఏముందో, అది చదివితే ఎవరు గుర్తుపడతారో నాకు తెలుసు. తెలిసే, టీమ్‌కి పంపే కాగితంలో ఉంచాను.

గ్రూపులో చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఒక్కొక్కరే పేర్లు కలిపారు. మా మిత్రుడు వెనకాడాడు, బిడ్డ చేసే ఆఫీసు గదా అన్నాడు. కూతురికి భయపడుతున్నావా అని ఎవరో ఎగతాళి చేశారు. పది నిమిషాలకి అతని మెసేజ్ వచ్చింది. "మంచిగ రాసిండు. నా పేరు గూడ పెట్టున్రి." రెండేళ్ళలో నా గురించి అతను అన్న మొదటి మంచి మాట అది. అతను సంతకం పెడుతున్నది తన కూతురు ఎంచిన పిచర్ మీద అని నాకొక్కడికే తెలుసు. ఆ మెసేజ్‌ని రెండుసార్లు చదివాను. రుచిగా ఉంది. అతని పేరు చేర్చి, ఆధారం గడి మళ్ళీ పెట్టి, టీమ్ ఆఫీసుకి పంపాను.

నేను పంపే ప్రతి ఉత్తరానికీ ఒక కాపీ ప్రింట్ తీసి ఇంట్లో ఫైల్ చేస్తాను. మంగళవారం సాయంత్రం నా భార్య బట్టలు మడతపెడుతూ, ప్రింటర్‌లో ఉన్న ఆ కాగితం తీసి చదివింది.

"లోపల ఎవరు వద్దన్నారో మీకెలా తెలుసు?" అని అడిగింది.

చెప్పాను. ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"మీరు ఇది ఆ పిల్ల మీద రాశారా, వాళ్ళ నాన్న మీద రాశారా?"

పేరు లేదని అన్నాను. మొదటి ఏడాది వాళ్ళు ఆ విభాగంలో ఎంతమంది ఉంటారని ఆమె అడిగింది. పైగా ఇప్పుడు కింద ఆ పిల్ల తండ్రి పేరు కూడా ఉంది. చదివినవాళ్ళు తండ్రే చెప్పాడనుకుంటారు. ముందు ఆ పిల్లకి ఫోన్ చేయండి, ఏం చేయాలో తనే చెబుతుంది అన్నది నా భార్య. ఆ ఒక్క పనీ చేసి ఉంటే సగం తప్పుతో పోయేది. నాకు ఆ పిల్ల గొంతు వినడానికి ధైర్యం చాలలేదు. అందుకని నాకు చేతనైన పనే మళ్ళీ చేశాను. కూర్చుని రెండో ఉత్తరం రాశాను. ఆధారం గడిలో రాసింది కేవలం నా ఊహ, నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆ ఫిర్యాదుని వెనక్కి తీసుకుంటున్నాను అని. నా జీవితంలో వెనక్కి తీసుకున్న మొదటి ఫిర్యాదు. ఆధారం లేకుండా రాశానని ఒప్పుకోవడం నా వృత్తిలో నామోషీ. ఆ నామోషీ పడ్డాను కాబట్టి ఏదో త్యాగం చేసినట్టే అనిపించింది ఆ సాయంత్రం. పంపాక అన్నం కూడా బాగానే తిన్నాను.

గురువారం అమ్మాయి ఫోన్ చేసింది. పని మధ్యలో, కారులోంచి. నేను ప్లాంట్ పార్కింగ్‌లోకి వచ్చి మాట్లాడాను.

"అంకుల్, నువ్వు రెండు లెటర్స్ పంపావా?"

అవునన్నాను.

"నిన్న నన్ను పిలిచారు. నాన్న పేరు చూసి, మీ డాడ్‌కి చెప్పావా అన్నారు. లేదు, మా అంకుల్‌కి చెప్పాను, నాదే మిస్టేక్ అని చెప్పేశాను. నిజం చెప్తే ఓకే అనుకున్నా. ఈరోజు నీ సెకండ్ లెటర్ వచ్చింది. ఎవరూ చెప్పలేదు అని. ఇప్పుడు మీ ఇద్దరిలో ఎవరు లై చేస్తున్నారు అని అడుగుతున్నారు."

నేనే, అబద్ధం నాదేనని ఇంకో ఉత్తరం రాస్తానన్నాను.

"వద్దు. ప్లీజ్, ఇంకేం రాయకు." అరవలేదు. అలసిపోయినట్టు ఉంది గొంతు. "ఒకటి అడగనా? అతను బాగా లేడు అని నిజంగా అనుకున్నావా?"

అనుకోలేదు. సోమవారం ఉత్తరం రాసే ముందే ఆ కుర్రాడి కాలేజీ మ్యాచ్‌ల వీడియోలు రెండు చూశాను. ఆమె చెప్పింది నిజం. మొదటి ఇన్నింగ్స్ కంటే మూడో ఇన్నింగ్స్‌లో అతని బంతి బాగా తిరుగుతోంది. నాకు నచ్చాడు. ఆ మాట చెప్పాను. మరి ఎందుకు రాశావని ఆమె అడగలేదు. వర్క్‌కి వెళ్ళాలి అంకుల్ అని పెట్టేసింది. అడిగి ఉంటే, మీ నాన్న మా ఇంటికి ఫోన్ చేయలేదమ్మా అని చెప్పాల్సి వచ్చేది. ఆ వాక్యం పార్కింగ్‌లో నిలబడి ఒకసారి పైకి అనుకుని చూశాను. నాకే వినబుద్ధి కాలేదు.

మర్నాడు మా మిత్రుడు ఫోన్ చేశాడు. రెండేళ్ళ తరవాత అతని పేరు నా ఫోన్ మీద చూడటం అదే.

"ఫోన్ చెయ్యలేదనే గద నీ బాధ," అన్నాడు. "ఇప్పుడు చేసిన. చెప్పు."

ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళాను.

"నా మీద కోపముంటే నన్ను తిట్టరాదు. అందరి ముంగట తిట్టు, పడ్త. నా బిడ్డ మీద నాతోనే సంతకం పెట్టిచ్చినవ్ కదనే."

తప్పైపోయిందన్నాను. అతను, పార్టీ అప్పుడు తన కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారనీ, ఆ నెలంతా ఎవరికీ ఫోన్ చేయలేదనీ, కార్డు అందింది కదా, ఇంటి మనుషులకి వేరే పిలుపెందుకనుకున్నాననీ చెప్పాడు. సంజాయిషీ లాగా కాదు, విసుగ్గా చెప్పాడు. తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషికి నేను ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగలేదు. ఆ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు. అయినా పిలిచి ఉండాల్సిందే. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కాకపోతే అది ఎవరితోనూ అనను.

గ్రూపులో కూడా చెప్పాను. మీకు చూపించని గడి ఒకటి పంపిన ఉత్తరంలో ఉందని, అది ఒకరు నమ్మి చెప్పిన మాట అని, మీ పేర్లు దాని కింద వాడుకున్నానని రాశాను. ఎవరి మాటో రాయలేదు, అందరికీ అర్థమైంది. ఎవరూ తిట్టలేదు. ఇల్లుగలాయన మాత్రం నాకు విడిగా ఫోన్ చేసి, ఇకమీదట మా పేర్లు అడక్కండి సార్ అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

అక్టోబర్ దాకా అమ్మాయి కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియలేదు. మూడు నెలలు ఆ కబురు కోసం నా భార్య ముఖం చూస్తూ బతికాను. ఆమే ఆ పిల్ల తల్లితో మాట్లాడేది కాబట్టి, నాకు వార్తలు అటువైపు నుంచే. చివరికి పొడిగించారు. కానీ డ్రాఫ్ట్ జరిగే గదిలోకి వచ్చే ఏడాది ఆమెకి ప్రవేశం లేదు. ఊళ్ళు తిరిగి మ్యాచ్‌లు చూసి రిపోర్టులు పంపుతుంది. వాటి మీద ఆ గదిలో ఎవరో మాట్లాడతారు. ఉద్యోగం ఉంది కదా అని నేనన్నాను. నా భార్య నా వైపు చూసి, గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

మరుసటి వేసవిలో ఆ కుర్రాడు మా టీమ్‌కి చెందిన కింది స్థాయి జట్టులో ఆడుతున్నాడు. ఇక్కణ్ణించి రెండున్నర గంటల దూరంలో ఒక చిన్న ఊరు. అతనిప్పుడు రిలీఫ్ పిచర్ కాదు, స్టార్టర్. ఒక శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌కి నా భార్యా నేనూ వెళ్ళాం. మూడో ఇన్నింగ్స్‌లో ముగ్గురు బ్యాటర్లనీ వరసగా అవుట్ చేశాడు. ఆ డ్రాఫ్ట్ గదిలో అమ్మాయి ఒక్కతీ నిలబడి ఏం చెప్పిందో అదే నా కళ్ళ ముందు జరుగుతోంది.

బ్యాటర్ నిలబడే ప్లేటు వెనక వరసల్లో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, టోపీ పెట్టుకుని ఆమె ఉందని నా భార్య చూపించింది. ఆమె అక్కడ ఉంటుందని నా భార్యకి ముందే తెలుసని తరవాత అర్థమైంది. ఐదో ఇన్నింగ్స్ అయ్యాక ఆమె లేచి మా దగ్గరికే వచ్చింది. ఆంటీని కావలించుకుంది. నన్ను కూడా, ఒక చేత్తో.

రెండున్నర గంటలు కారులో తయారు చేసుకున్నదంతా చెబుదామనుకున్నాను. తప్పు నాదేనని, నువ్వు నమ్మి చెప్పిన మాటని మీ నాన్న మీదకి రాయిలా విసిరానని, అది నీకు తగిలిందని. మొదటి ముక్క చెప్పాను. "తప్పు నాదేనమ్మా."

"ఐ నో, అంకుల్," అన్నది. కోపంగా కాదు. ఇద్దరికీ తెలిసిన స్కోరు చెప్పినట్టు.

మిగతాది వదిలేసి, మూడో ఇన్నింగ్స్‌లో అతను పట్టు మార్చాడా, బంతి ఆలస్యంగా తిరిగినట్టుంది అని అడిగాను. మునుపైతే ఈ ప్రశ్నకి ఆమె అరగంట చెప్పేది. పెన్సిల్ తీసుకుని బొమ్మ గీసేది.

"ప్లేయర్స్ గురించి నేను మాట్లాడకూడదు అంకుల్," అన్నది. చాలా మర్యాదగా అన్నది. ఆ మర్యాద వెనక ఇక నాకు వెళ్ళే దారి లేదు. తలుపు ఆమె వేసుకోలేదు, వేసింది నేను.

అవునవును, మర్చిపోయాను అన్నాను. ఆమె లాప్‌టాప్ మూసి నా పక్కన కూర్చుని, మెట్లు దిగేటప్పుడు కుంటుతున్నావు, మోకాలికి ఏమైంది అని అడిగింది. నేను చెప్పాను. ఫిజియోథెరపీ అమ్మాయి ప్రతిసారీ పావుగంట ఆలస్యంగా వస్తుందని, డాక్టర్ ఎక్స్‌రే సరిగ్గా చూడకుండానే వయసు అన్నాడని, ఆఫీసులో కుర్చీ ఎత్తు మార్చమంటే నెల నుంచి మార్చడం లేదని. ఆరో ఇన్నింగ్స్ మొదలైనా ఆమె లేవలేదు. అంతా విన్నది.